మూత మీద పేరు

పోయిన వారం మీరు నన్ను డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, చేతిలో బకెట్టుతో వదిలి వెళ్ళారు. కింద, వెనక గేటు దగ్గర, మా ఆవిడ ఎలీసమ్మ ఒక ఇరాకీ సిపాయికి అన్నం క్యారియర్ అందిస్తోంది. అతను దాన్ని గోనెసంచిలో పెట్టుకుని, తల వంచుకుని, సముద్రం ఒడ్డున తవ్విన కందకాల వైపు నడిచిపోయాడు. మా బియ్యం డ్రమ్ము అనుకున్నదానికన్నా తొందరగా ఎందుకు తరుగుతోందో నాకు అక్కడ అర్థమైంది.

ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చి నెల దాటింది. మంగఫ్‌లో మా బిల్డింగు దాదాపు ఖాళీ. మూడో అంతస్తులో నేనూ, ఎలీసమ్మా, మా దగ్గరకు చేరిన చిన్నక్కా మాత్రం మిగిలాం. ఎల్లుండి తెల్లవారుజామున బాస్రా మీదుగా అమ్మాన్ వెళ్ళే బస్సులో మా ముగ్గురికీ చోటు దొరికింది. అక్కడి నుంచి విమానం. "మీ బిల్డింగులో సైన్యంతో చిన్న పేచీ వచ్చినా మీ పేర్లు కొట్టేస్తాం. బస్సులో మిగతావాళ్ళ ప్రాణాలు కూడా చూసుకోవాలి" అని బస్సులు కుదిర్చిన మనవాళ్ళు ముందే చెప్పారు. వాళ్ళ మాటలో తప్పేమీ లేదు.

ఆ సాయంత్రం నేనేమీ అడగలేదు. ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్‌లో హవల్దారుగా జవాన్లకు చదువు చెప్పినవాణ్ణి. ఎవర్నైనా ఏదైనా నిలదీయాలంటే వాళ్ళు నిద్రపోయి లేచి, టీ తాగాకే నిలదీయాలని అక్కడే నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున టీ అయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎలీసమ్మ పప్పుచారు కాస్తోంది. చింతపండు అయిపోయి చాలా రోజులైంది. అరబ్బులు చేపల్లో వేసుకునే ఎండు నిమ్మకాయలు, నల్లగా తేలిగ్గా ఉండేవి, రెండు చితక్కొట్టి చారులో వేసింది. మొదటిసారి తిన్నప్పుడు మందు వాసన వేసింది నాకు. ఇప్పుడు అదే బావుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి నా పోస్టింగుల వెంట తిరిగిన మనిషి. ఏ ఊళ్ళో ఏది దొరక్కపోతే అక్కడ దొరికేదాంతో నెట్టుకొచ్చింది. జోర్హాట్‌లో ఉన్నప్పుడు అక్కడి అడవిలో కాసే పుల్లటి కాయ వేసి పులుసు పెట్టి, మా మేజరుగారి భార్య చేత రెండోసారి అడిగించుకుంది.

"ఎలీసా, క్యారియర్ ఏది?"

గరిటె ఆగలేదు. "డాబా మీంచి చూశారు కదా. మళ్ళీ అడగడం ఎందుకండీ?"

"నేను చూసినట్టు నీకెలా తెలుసు?"

"బకెట్టు సగమే తెచ్చారు. మీరెప్పుడైనా సగం తెచ్చారా?"

కింద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చిన్నక్క తల ఎత్తకుండానే అందుకుంది. చిన్నక్కది రాయచోటి దగ్గర పల్లె. సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్ళు సౌదీకి పారిపోయారు. ఆమె పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండిపోయింది. బీరువాను సిపాయిలు ఎత్తుకుపోయారు. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నదల్లా మన ఎంబసీ ఇచ్చిన ఒక తెల్లకాగితం.

"నేను మొదుట్నించీ చెప్తానే ఉండా సారూ. వద్దక్కా, ఆ సచ్చినోళ్ళకు పెట్టబాక అని. మా మామా, అదే మా యజమానమ్మ, ఇంట్లో ఏం మిగిల్చినారు? ఏసీలు పెరుక్కపోయిరి, ఫ్రిజ్జు ఎత్తకపోయిరి, ఆఖరికి పిల్లోళ్ళ సైకిలు గుడక. ఏండ్లకేండ్లు తుడిచినా నేను ఆ ఇంటిని."

"ఈయనేం ఎత్తుకుపోలేదు కదే" అంది ఎలీసమ్మ.

"ఈయన్ను పిల్చిండరు. ముసిలోడు, మోయలేడని."

ఎలీసమ్మ నవ్వింది. నేను నవ్వకూడదనుకుని గోడవైపు చూశాను.

ఆ ముసలాయన పేరు జబ్బార్ అట. నాసిరియా దగ్గర ఏదో ఊళ్ళో సైకిల్ రిపేరు కొట్టు. వయసు మళ్ళినవాళ్ళను కూడా పిలిచి తుపాకీ ఇచ్చి పంపారు కదా, అలా వచ్చినవాడు. మొదట మంచినీళ్ళు అడిగాడట. తర్వాత ఉప్పు. ఎలీసమ్మ గిన్నె తెచ్చేలోపు గేటువైపు వీపు పెట్టి నిలబడేవాడట, ఆడవాళ్ళ ఇంటిలోకి చూడకుండా.

"కందకంలో రోజుకొక్క రొట్టె ఇస్తున్నారటండీ. అదీ ఎండిపోయింది. చిన్నక్కే అడిగి చెప్పింది నాకు."

"అరబ్బీ వొచ్చుననేదే నా పాపము" అంది చిన్నక్క. "నలుగురూ ఆడబిడ్డలేనంట. ఆ మాట చెప్పి ఏడుస్తాడు. ఏడిస్తే నేనేం జేద్దును? నన్నేమన్నా పెండ్లిండ్లు జెయ్యమంటాడా?"

నేను గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. "ఎలీసా, అతను మంచివాడా కాదా అన్నది కాదు. పొద్దున నీళ్ళకు వెళ్ళినప్పుడు చూశాను. సముద్రం ఒడ్డున బడి దగ్గర మిలిటరీ పోలీసుల జీపు ఉంది. సిపాయిల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కర్నీ పిలుస్తున్నారు. ఎవరో పారిపోయారు. పారిపోయినవాళ్ళకు అన్నం పెట్టిన ఇంటిని ఏం చేస్తారో నీకు తెలుసు."

"తెలుసు."

"రేపు బస్సెక్కేదాకా ఎవరికీ ఏమీ ఇవ్వొద్దు. మూడు మగ్గులే పొయ్యి."

చిన్నక్క ఏరిన బియ్యం డ్రమ్ములో పోసి, నల్ల అబాయా తొడుక్కుంది. "ఖుబ్బూసు రొట్టెల లైను పెరగతాది, నేను పోయొస్తా. మీ మొగుడూ పెండ్లాల మాటలు మీరు మాట్లాడుకోండి" అని చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

మగ్గు సంగతి చెప్పాలి. తెల్ల ఎనామెల్ మగ్గు, నీలం అంచు, పిడి దగ్గర పెచ్చు ఊడింది. సైన్యంలో నాకిచ్చింది. మా ఇంట్లో బియ్యం కొలత అదే. మనిషికొక మగ్గు. ఇప్పుడది రాజోలులో, నా వంటింట్లో ఉంది. ఒంటి మనిషికి ఒకటి చాలు. నేను రెండు పోస్తాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

చిన్నక్క అడుగుల చప్పుడు కిందికి వెళ్ళిపోయాక ఎలీసమ్మ స్టవ్ తగ్గించింది.

"నాలుగో మగ్గు ఈ కువైత్‌లో మొదలైంది కాదండీ."

"మరి?"

"డెబ్భై ఒకటిలో. మీరు తూర్పు సరిహద్దుకు వెళ్ళినప్పుడు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"జబల్‌పూర్ క్వార్టర్స్‌లో మన పక్కింటి గోవిందీ గుర్తుందా, ఆ కొండప్రాంతం ఆవిడ? వాళ్ళాయనా వెళ్ళాడు. ఉత్తరాలు రావడం ఆగిపోయాక ఒకరోజు నా వంటింట్లోకి వచ్చి గిన్నెలో చూసింది. ఒక్కదానికే వండుకున్నావా అని కేకలేసింది. మొగుడి వాటా ఎసట్లో వెయ్యాలట. వండి మూతపెట్టి, ముందుగా గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళకు పెట్టెయ్యాలట. పాలవాడో, చాకలో, గార్డు డ్యూటీ సిపాయో. అడక్కూడదట ఎవరని. నువ్విక్కడ పెడితే అక్కడెవరో పెడతారు అంది. ఆ లైనులో ఆడవాళ్ళందరూ అలాగే చేసేవాళ్ళండీ. సాయంత్రం అయ్యేసరికి ఆ పాలవాడికి నాలుగిళ్ళ భోజనం. తినలేక దండాలు పెట్టేవాడు."

"నేను తిరిగొచ్చేశాను కదా."

"వచ్చారు. ఆపుదామనుకున్నాను. ఏదో బేరం కుదుర్చుకుని, సరుకు అందగానే ఎగ్గొట్టినట్టు ఉంటుందనిపించింది. పాస్టరుగారితో చెప్పలేదు. ప్రభువుతో బేరాలేంటమ్మా అంటారని."

"మరి ఎవరూ రాని రోజున?"

"పొద్దున మీరు తినే తాలింపు అన్నం ఏంటనుకున్నారు?"

ఆ యుద్ధం నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ నేను ఆమెను ఏడిపించే మాట ఒకటుంది. నీకు కొలత రాదే, రోజూ మిగులుస్తావు అని. ఆమె ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఉల్లిపాయ, ఎండుమిరపకాయ వేసి తాలింపు పెట్టి నా కంచంలో పోసేది.

"ఆ యుద్ధంలో నేనొక్క పూట పస్తున్నది లేదు ఎలీసా. మా పటాలం వంటవాడి గొప్పతనం అనుకున్నాను."

"అలాగే అనుకోండి. నాకేం." చారులో ఉప్పు చూసి స్టవ్ ఆపింది. డ్రమ్ము మూత తీసింది. మగ్గు మూడుసార్లు ముంచి గిన్నెలో పోసింది. నాలుగోసారి చెయ్యి డ్రమ్ము దాకా వెళ్ళింది. నా మొహం వైపు చూసి, మగ్గును మూత మీద బోర్లించింది. "ఇవాళ మూడేనండి. మీరన్నారుగా."

మాట విన్నందుకు సంతోషం కలగాలి. కలగలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "ఇన్నాళ్ళూ దేంట్లో పెట్టి ఇచ్చావు? క్యారియర్ రోజూ ఇంట్లోనే కనబడేది కదా."

"ప్లాస్టిక్ డబ్బాలో. ఒక్కరోజు కూడా ఖాళీగా తిరిగివ్వలేదండీ ఆయన. నాలుగు ఖర్జూరాలో, అవీ లేకపోతే చిటికెడు ఉప్పో, మనూళ్ళోలాగే. నిన్న ఆ డబ్బా ప్రయాణం సంచిలో సర్దేశాను. అందుకని క్యారియర్లో..."

మాట అక్కడే ఆగిపోయింది. నాకూ అదే క్షణంలో తట్టింది.

స్టీలు గిన్నె కొని పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చుకునే అలవాటు మనకు లేదు. పెళ్ళికి ఇచ్చినా, గృహప్రవేశానికి ఇచ్చినా, ఇచ్చినవాళ్ళ పేరో పుచ్చుకున్నవాళ్ళ పేరో దాని మీద చుక్కలు చుక్కలుగా ఉండాల్సిందే. నేను రిటైరయినప్పుడు నా దగ్గర చదువుకున్న జవాన్లు చందాలు వేసుకుని ఆ క్యారియర్ కొన్నారు. నా సంగతి తెలిసినవాళ్ళు కనుక పేరు కూడా కొట్టించారు. పై గిన్నె చుట్టూ ఇంగ్లీషు అక్షరాల్లో హవల్దార్ పి. సంజీవరావు, ఇండియన్ ఆర్మీ అని ఉంటుంది. ఊరికి రాగానే ఎలీసమ్మ అలిగింది. "వండేది నేను, పేరు మీదా?" అని. రాజోలు గిన్నెల కొట్టుకు తీసుకెళ్ళి మూత మీద తెలుగులో ఎలీసమ్మ అని కొట్టించి, పక్కన ఒక పువ్వు కూడా వేయించాను.

ఆ క్యారియర్ ఇప్పుడు ఇరాకీ కందకంలో ఉంది. ఒక పరాయి సైన్యం పేరు, హోదా, మనిషి పేరు, అన్నీ కలిపి. పారిపోయినవాడి కోసం ఆ కందకాన్ని ఇవాళే సోదా చేస్తారు. నేను అల్ రాయ్‌లో ఒక గోడౌన్ స్టోరుకీపర్నని, సైన్యం వదిలి ఏళ్ళు గడిచాయని వాళ్ళకు ఎవరు చెబుతారు? చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఎలీసమ్మ గట్టు పట్టుకుని నిలబడింది. "నా చేతులతో నేనే ఇచ్చానండీ."

"అన్నం ఇచ్చావు. గిన్నె దాంతో వెళ్ళింది. అంతే."

చొక్కా తొడుక్కున్నాను. ఆమె వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"తెచ్చుకుంటాను. నాలుగు మాటలు అరబ్బీ నాకూ వచ్చు."

"ఇప్పుడు వాళ్ళ దగ్గర గిన్నె ఒకటే ఉంది. మీరు వెళితే ఆ పేరుగల మనిషి కూడా దొరుకుతాడు. కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. సంచుల్లో సర్దిన బట్టలు మళ్ళీ తీసి మళ్ళీ సర్దాం, చేతులకు పని ఉండాలని. ట్రంకు పెట్టె తేవద్దన్నారు. నల్ల రేకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో నా నంబరు. ఆ నంబరునూ ఒకసారి చూశాను. తడి గుడ్డ తెచ్చి దాని మీద కప్పాను. పిచ్చిపని. అయినా కప్పాను.

చిన్నక్క వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు ఎవరినో ఒకర్ని తిట్టడం ఆమె అలవాటు. ఈసారి తిట్ల చప్పుడు లేదు. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. రొట్టెల మూట ఇచ్చి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. తర్వాత అబాయా కింది నుంచి క్యారియర్ తీసి గట్టు మీద పెట్టింది.

ఎలీసమ్మ కళ్ళు మూసుకుని, "స్తోత్రం ప్రభువా" అంది.

నేను క్యారియర్ను కిటికీ వెలుగులోకి తిప్పాను. పై గిన్నె చుట్టూ అక్షరాలు లేవు. అవి ఉన్నచోట బొటనవేలు వెడల్పున ఒక పట్టీ, కొత్త రూపాయిలా మెరుస్తోంది. ఆకురాయి పెట్టి నిదానంగా అరగదీసి, ఇసకతో రుద్దాడు. సైకిల్ పనివాడి చెయ్యి. పేరు పోయింది, హోదా పోయింది, సైన్యం పోయింది. మాకంటే ముందే ఎవరో మా కోసం భయపడ్డారు.

మూత చూశాను. ఎలీసమ్మ అన్న పేరు, పక్కన పువ్వు, చుక్క చెదరకుండా ఉన్నాయి. మన అక్షరాలు అతనికి తీగెలు అనిపించి ఉంటాయి, పువ్వుకు తగ్గట్టు.

"మీ పేరు పోయిందండీ" అంది ఎలీసమ్మ, వేలితో ఆ పట్టీని తడుముతూ. "నాదే మిగిలింది."

"వండేది నువ్వేగా."

చిన్నక్క ఇంకా కూర్చోలేదు. "తెరిచి చూడండి" అంది.

పై గిన్నెలో ఖర్జూరాలు. మధ్య గిన్నెలో గుప్పెడు ఉప్పు. కింది గిన్నె మూత బిగుసుకుపోతే చిన్నక్కే ఊడదీసింది. అందులో మడతపెట్టిన నల్ల టోపీ. దాని మీద రాగి గద్ద. మడతలో గొలుసుతో సహా, సిపాయి పేరూ నంబరూ ఉండే మెడ బిళ్ళ.

"ఇదేంటండీ, టోపీ పంపాడు?" అంది ఎలీసమ్మ.

నేను బిళ్ళను అరచేతిలో పెట్టుకున్నాను. నా మెడలోనూ అలాంటిది ఒకటి ఉండేది. స్నానానికి కూడా తీసేవాణ్ణి కాదు.

"అతను కందకంలో లేడు ఎలీసా. పొద్దున పిలుపుల్లో తప్పిపోయిన మనిషి ఇతనే." చిన్నక్క వైపు తిరిగాను. "ఇది నీకెక్కడ ఇచ్చాడు?"

"ఖుబ్బూసుల కొట్టు ఎనకాల సందులో. సొక్కా ఇప్పి సంచిలో పెట్టుకున్యాడు. ఒట్టి బనీను మీద ఉండాడు. ఇది అక్కకియ్యి అన్యాడు. సరే, ఖలాస్, పో అన్యా. పోలే. నా ఎనకాలనే నడిచొస్తాండాడు. యల్లా, పో, రాబాకు అని తిట్నా సారూ, నాకొచ్చిన అరబ్బీ అంతా తిట్నా." ఆమె గొంతు తగ్గింది. "సందు మొగదాల జీపు నిలబడింది. నేను గెట్టిగా అరిస్తే ఆడనే కాల్చేస్తారు. నోరు పెగల్లే నాకు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

ఆమె పైకి చూసింది. "డాబా మీద. మీ నీళ్ళ ట్యాంకు ఎనకాల."

కిటికీ రెక్క సందులోంచి చూశాను. జీపు మా సందులోకి తిరిగింది. ఎర్ర టోపీల మిలిటరీ పోలీసులు ఇద్దరు ముందు నడుస్తూ ఒక్కో గేటూ తోసి చూస్తున్నారు. మాకింకా రెండు బిల్డింగుల దూరం.

టోపీ తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టి, ఇంకో మెట్లదారిలో పొమ్మనవచ్చు. పొమ్మంటే పోతాడు, అలాంటి మనిషే. రేపు మేం బస్సెక్కుతాం.

"చిన్నక్కా, నీ కాగితానికి కూడా ఇందులో ముప్పుంది. నీ మాటేంటి?"

"నన్నడగబాక సారూ. వాణ్ణి మెట్లెక్కిచ్చిందే నేను. ఇంగ నన్నేం అడుగుతావు?"

ఎలీసమ్మ నన్ను బతిమాలలేదు. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, బోర్లించిన మగ్గు చేతిలోకి తీసుకుంది. గిన్నెలో మూడు మగ్గుల బియ్యం అలాగే ఉన్నాయి.

"చెప్పండి. మూడా, నాలుగా?"

నేను తడిగుడ్డ తీసి ట్రంకు తెరిచాను. అడుగున నా గళ్ళ లుంగీ, పాత చొక్కా ఉన్నాయి. అవి చిన్నక్క చేతిలో పెట్టాను. "అతనికివ్వు. ఆ సంచి ట్యాంకులో ముంచెయ్యమను. బకెట్టు కూడా పట్టుకెళ్ళు, నీళ్ళకు వెళ్ళినట్టుంటుంది."

చిన్నక్క "మీ దుంప దెగ" అని గొణిగి, బకెట్టు తీసుకుని పైమెట్లు ఎక్కింది.

"నాలుగు" అన్నాను.

ఎలీసమ్మ నాలుగో మగ్గు పోసింది. తర్వాత టోపీనీ బిళ్ళనూ డ్రమ్ములోకి, మోచేతి లోతున దూర్చి, పైన బియ్యం అరచేత్తో చదును చేసింది. ఎన్ని కళ్ళు వెతికినా కనబడనంత చదునుగా. మూత పెట్టింది.

కింద జీపు ఇంజను ఆగింది. మా గేటు కిర్రుమంది. బూట్లు మొదటి అంతస్తు దాటాయి, రెండోది దాటాయి. ఆమె బియ్యం కడిగి ఎసట్లో పోసి, చేతులు పైటకు తుడుచుకుని, నా చొక్కా పై గుండీ పెట్టింది.

"అన్నం ఉడకడానికి టైం పడుతుంది" అంది. "వెళ్ళి తలుపు తియ్యండి."